చలికాలపు వెచ్చని పగటిపూట మైలవరం జలాశయంలో పుట్టి మీద వెళ్ళి బండల దగ్గర గాలం వేయడం ఎలా?

కడప జిల్లాకు సముద్రం లేదు, పగడపు దిబ్బలూ లేవు. అయినా నీటి అడుగున రాయి ఉన్నచోట చేప నిలుస్తుందన్న మాట మన పెన్నా నీటికీ వర్తిస్తుంది. లక్షద్వీపాలలోనూ మన్నారు సింధుశాఖలోనూ పగడపు దిబ్బ చుట్టూ చేపలు ఏ కారణంగా చేరతాయో, జమ్మలమడుగు దగ్గరి మైలవరం జలాశయంలో మునిగిన బండల చుట్టూ ఇంచుమించు ఆ కారణంగానే చేరతాయి. రాతి మీద నాచు పడుతుంది, ఆ నాచును ఆశ్రయించి పురుగులూ నత్తలూ పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు వస్తాయి, చిన్న చేపల కోసం వాలుగ వంటి పెద్దవి వస్తాయి. పైగా రాతి సందులు దాక్కోవడానికి చోటిస్తాయి. కాబట్టి గాలంతో చేపలు పట్టాలనుకునేవారు జలాశయమంతా తిరగడం మాని, ఒక్క బండను క్షుణ్ణంగా తెలుసుకుని దాని మీద ఓపికగా కూర్చోవడం మేలని నా గట్టి నమ్మకం. ఈ పద్ధతి చలికాలంలో మరింత బాగా పనిచేస్తుంది. అది ఎందుకో, ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

రోజును ఎంచుకోవడం

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని సరైన రోజు కోసం ఆగడం. కడప జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలూ పుడతాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయిన సంగతి ఈ జిల్లావారెవరూ మరచిపోలేదు. నవంబరులో ఆకాశం ఎంత నిర్మలంగా కనిపించినా పుట్టి, అంటే గుండ్రని చిన్న పడవ, ఎక్కవద్దు. డిసెంబరు చివరి వారం నుంచి శివరాత్రి దాకా అనువైన కాలం. అప్పటికి వాననీటి బురద అడుగుకు దిగి నీరు తేరుకుంటుంది, గాలి నెమ్మదిస్తుంది, మధ్యాహ్నపు ఎండ ముప్పై డిగ్రీల దాకా చేరుతుంది.

ఆ కాలంలోనూ ప్రతి రోజూ ఒకటి కాదు. చేప ఒంటి వేడి అది ఉన్న నీటి వేడిని బట్టే ఉంటుంది కనుక, నీరు చల్లబడితే దానికి ఆహారం అరగడం ఆలస్యమవుతుంది, ఆకలి తగ్గుతుంది, కదలిక కూడా తగ్గుతుంది. గాలి వేడెక్కినంత త్వరగా నీరు వేడెక్కదు. అందువల్ల మబ్బు విడిచిన మొదటి రోజునే బయలుదేరకుండా, రెండు రోజులు వరుసగా మంచి ఎండ కాసిన తరువాత మూడవ రోజున వెళ్ళాలి. వేసవిలో తెల్లవారుజామునే గాలం వేయాలనే అలవాటు ఉన్నవారు చలికాలంలో దానిని పూర్తిగా పక్కన పెట్టాలి. ఉదయం తొమ్మిది గంటలకు ఒడ్డు చేరినా తొందర లేదు. చేప కదలడం పది, పదకొండు గంటల మధ్య మొదలవుతుంది, పదకొండున్నర నుంచి మూడు గంటల వరకు చక్కగా తింటుంది.

అనుమతి, నీటి కబురు

జలాశయంలో చేపల మీద హక్కు అక్కడి మత్స్యకారులది, వారి సహకార సంఘాలది. మత్స్యశాఖ కార్యాలయంలో నియమాలు అడిగి తెలుసుకుని, అనుమతి కావాలంటే తీసుకుని, స్థానిక సంఘం వారితో మాట్లాడిన తరువాతే నీటిలోకి దిగాలి. ఆనకట్ట గేట్ల దగ్గరికి, కాలువ తూముల దగ్గరికి ఏ పరిస్థితిలోనూ వెళ్ళవద్దు.

ఒడ్డున వలలు సర్దుకుంటున్న పెద్దవారెవరైనా కనిపిస్తే, “అన్నా, నీళ్ళు ఎట్లుండాయి? పైనుంచి ఏమన్నా వదుల్తాండారా?” అని అడగండి. ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న మాత్రమే కాదు. మైలవరానికి ఎగువన గండికోట జలాశయం ఉంది, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు, మైలవరంలో సుమారు 10 టీఎంసీలే పడతాయి. పైన గేట్లు ఎత్తితే కింద నీటిమట్టం మారుతుంది, పెన్న లోయ వైపు ప్రవాహం పుడుతుంది, తేరుకున్న నీరు మళ్ళీ బురదెక్కుతుంది. పైనుంచి నీరు వదులుతున్నారని తెలిస్తే ఆ రోజుకు ప్రయత్నం మానుకోవాలి. వలలు ఎక్కడ వేసి ఉన్నాయో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. మన గాలం ఒకరి వలకు తగులుకుంటే చిరిగేది వారి నాలుగు రోజుల బతుకు.

గాలం, దారం, ఎర

పుట్టిలో చోటు తక్కువ కనుక పొడవాటి కర్రలు ఇబ్బంది పెడతాయి. ఆరేడు అడుగుల వెదురు కర్ర ఒకటి, చేతితో వదిలే దారపు చుట్ట ఒకటి ఇద్దరికి సరిపోతాయి. దారం 0.35 మిల్లీమీటర్ల మందపు నైలాన్ అయితే బొచ్చె, శీలావతి, మోసు వంటి చేపలకు చాలు. గాలాలు 6 నుంచి 10 నంబర్ల మధ్యవి తీసుకోవాలి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి. రాతి మీద వేట కాబట్టి గాలాలు తెగిపోవడం ఖాయం. అందుకని గాలం పైన మూరెడు ముక్కను అసలు దారం కన్నా సన్నని దారంతో కట్టాలి. రాతి సందులో ఇరుక్కున్నప్పుడు ఆ ముక్క మాత్రమే తెగుతుంది, బెండూ సీసమూ మిగిలిన దారమూ దక్కుతాయి, నీటిలో వదిలేసే నైలానూ తగ్గుతుంది. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి చదును చేస్తే వదిలివేయవలసిన చిన్న చేపను గాయం పెద్దది కాకుండా విడిపించవచ్చు. దారం వదులు కాకుండా చూసుకుంటే ముల్లు లేని గాలం నుంచి చేప జారిపోదు.

ఎర విషయంలో మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. నూనె గానుగల దగ్గర దొరికే వేరుశనగ చెక్కను మించిన ఎర ఈ చేపలకు మరొకటి లేదని నేననుకుంటాను. చెక్కను ముందు రాత్రి నానబెట్టి, ఉదయం దానికి సగం కొలత తవుడు కలిపి ముద్ద చేసుకోవాలి. ఇది నీటిలో చల్లడానికి. గాలానికి గుచ్చే ముద్ద వేరుగా ఉండాలి. గోధుమపిండిని ఉడికించి, అందులో చెక్క పొడి కొద్దిగా కలిపి, బాగా పిసికి, చివరగా చిటికెడు దూదిని విడదీసి కలిపితే ముద్ద నీటిలో కరిగి రాలిపోకుండా గాలాన్ని పట్టుకుని ఉంటుంది. చల్లని రాగి సంగటి ముద్దను కూడా ఇదే విధంగా వాడవచ్చు, అయితే దానికి దూది కాస్త ఎక్కువ కావాలి. జెల్ల చేపల కోసం వానపాములను తడిమట్టితో పాటు ఒక డబ్బాలో వేసుకుని నీడన ఉంచుకోవాలి. చలికాలంలో ముద్ద శనగగింజంత ఉంటే చాలు. ఆకలి తక్కువగా ఉన్న చేప పెద్ద ముద్దను ముక్కుతో తాకి వదిలేస్తుంది.

పుట్టిలో కూర్చోవడం

పుట్టి అడుగు గుండ్రంగా, చదునుగా ఉంటుంది. దానికి ముందూ వెనకా లేవు, కనుక తెడ్డు ఒక్క పక్కనే వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. తెడ్డు వేసే మనిషి ముందుకు వంగి, తనకు ఎదురుగా ఉన్న నీటిని కుడికీ ఎడమకూ మార్చి మార్చి తన వైపు లాక్కోవాలి. ఈ పని చేయి తిరిగిన వారికే వదలాలి. పుట్టిని నడిపే మత్స్యకారుణ్ణి కూలికి పిలుచుకుని ఆయన మాట వినడం అన్నిటికన్నా క్షేమం. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకుండా మధ్యలో పెట్టి, వెంటనే కూర్చోవాలి. ముగ్గురికి మించి ఎక్కకూడదు, ఒకరికి ఒకరు ఎదురుగా బరువు సమంగా పడేలా కూర్చోవాలి, చేప పడిన సంబరంలో ఎవరూ లేచి నిలబడకూడదు. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. పక్కన పెట్టుకున్న జాకెట్ నీటిలో పడిన మనిషికి అందదు. మద్యం తాగినవారిని, వారు ఎంత దగ్గరివారైనా సరే, పుట్టి ఎక్కించవద్దు.

బండను వెతకడం

ఈ పనికి ఒక గంట పూర్తిగా కేటాయించాలి. చేప పట్టే సమయం తగ్గిపోతుందని ఆ గంటను కుదించేవారు మిగిలిన రోజంతా బురద మీద గాలం వేసి కూర్చుంటారు.

మొదట ఒడ్డును చూడాలి. నేల మీద వాలుగా దిగిన బండల వరుస నీటి అంచున ఆగదు, అదే వాలుతో నీటి కిందికి కూడా సాగుతుంది. గుట్ట కొస నీటిలోకి చొచ్చుకువచ్చిన చోటు, రాళ్ళు మెట్లుమెట్లుగా దిగిన చోటు, నీటి మధ్యలో ఒంటరి రాయి తల కనిపించే చోటు గుర్తు పెట్టుకోవాలి. తరువాత ఎండను చూడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కనుక, జలాశయపు ఉత్తరపు ఒడ్డున దక్షిణానికి తిరిగి ఉన్న రాళ్ళ మీద ఎండ ఎక్కువసేపు పడుతుంది, నల్లని బండ ఆ వేడిని పట్టుకుంటుంది, దాని మీది లోతు తక్కువ నీరు మిగిలిన నీటికన్నా ముందుగా వెచ్చబడుతుంది. ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఆ ఒడ్డు గాలికి మరుగుగా కూడా ఉంటుంది. ఉదయపు వేట అక్కడే మొదలుపెట్టాలి.

మధ్యాహ్నానికి లెక్క మారుతుంది. గాలి వెచ్చని పైనీటిని నైరుతి ఒడ్డు వైపు నెట్టుకుపోతుంది, దానితో పాటు నీటిలో తేలే సూక్ష్మజీవులూ అటే చేరతాయి. బొచ్చె పైనీటిలో వాటినే తింటుంది. అందువల్ల ఒంటిగంట తరువాత గాలి మెల్లగా ఉంటేనే నైరుతి వైపు బండల దగ్గరికి మారవచ్చు. అలలు తెల్లని నురుగు కడుతుంటే మాత్రం ఉన్నచోటు నుంచి కదలకూడదు, ఎందుకంటే గాలి తోసుకుపోయే ఒడ్డున పుట్టి రాళ్ళకు కొట్టుకుంటుంది.

చోటు ఎంచుకున్నాక అడుగును తెలుసుకోవాలి. ఇందుకు యంత్రం అవసరం లేదు. గట్టి తాడు చివర అరకిలో సీసపు ముద్ద కట్టి, తాడుకు బారెడు బారెడు దూరంలో ముడులు వేయండి. బార అంటే సుమారు 6 అడుగులు. పుట్టిని మెల్లగా జరుపుతూ సీసాన్ని అడుగు దాకా వదిలి, కొద్దిగా ఎత్తి మళ్ళీ వదలండి. రాయి అయితే ఠక్కుమన్న తాకిడి వేళ్ళకు తెలుస్తుంది. బురద అయితే సీసం మెత్తగా కూరుకుని, ఎత్తేటప్పుడు పట్టి లాగినట్టుంటుంది. ఇసుక ఈ రెండింటికీ మధ్యగా గరగరమంటుంది. అనుమానం ఉంటే సీసం అడుగున కాస్త మైనం అద్ది వదలండి, అడుగున ఉన్నది దానికి అంటుకుని పైకి వస్తుంది. ఇలా నాలుగు వైపులా చూస్తే బండ ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది. మనకు కావలసింది బండ నడినెత్తి కాదు, బండ తెగి లోతు మొదలయ్యే అంచు. చేప లోతులో సేదతీరి, ఎండ ఎక్కాక ఆ అంచు మీదుగా పైకి మేతకు వస్తుంది. ఒక వైపు ఒకటి, ఒకటిన్నర బారల లోతు, మరో వైపు మూడు బారల లోతు ఉన్న అంచు దొరికితే ఇక వెతకడం ఆపవచ్చు.

పుట్టిని నిలపడానికి ఒక రాయి చాలదు. ఒకే తాడు మీద పుట్టి గాలికి గిరగిరా తిరుగుతుంది, గాలాలు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఎదురెదురు అంచులకు రెండు తాళ్ళు కట్టి రెండు రాళ్ళు వేయాలి, తాడు లోతుకు రెండింతలు, గాలి ఉంటే మూడింతలు వదలాలి. రాళ్ళను విసరకూడదు. చేతితో పట్టుకుని చప్పుడు కాకుండా దించాలి, లేకపోతే గంటసేపు శ్రమపడి కనుక్కున్న బండ మీది చేపలన్నీ ఆ ఒక్క శబ్దానికి చెదిరిపోతాయి. పుట్టిని బండ మీద కాక లోతు వైపున నిలిపి, గాలాన్ని అంచు మీదికి వేయాలి.

గాలం వేయడం

ముందుగా నానబెట్టిన చెక్క, తవుడు ముద్దను నిమ్మకాయలంత ఉండలు చేసి నాలుగైదు మాత్రమే అంచు మీద పడేటట్టు వేయాలి. చలికాలంలో ఎక్కువ చల్లితే చేప చల్లిన దానితోనే కడుపు నింపుకుంటుంది. తరువాత అరగంటకు ఒక ఉండ వేస్తూ ఉంటే చాలు.

బెండును లోతుకు తగినట్టు సరిచేయడం అసలు నేర్పు. మోసు అడుగున తింటుంది, శీలావతి నడినీటిలో, బొచ్చె పైనీటిలో తింటాయి. కాబట్టి మొదట గాలం అడుగుకు జానెడు ఎత్తులో ఉండేలా బెండు కట్టి, పావుగంట చూసి, కదలిక లేకపోతే మూరెడు మూరెడు పైకి తెచ్చుకోవాలి. ఎండ ముదిరేకొద్దీ చేప పైకి వస్తుంది గనుక ఉదయం అడుగున పడిన లోతును మధ్యాహ్నం దాకా పట్టుకుని కూర్చోకూడదు. చేతి దారం వాడేవారు దానిని చూపుడువేలి మీద వేసుకుని, వదులు లేకుండా ఉంచుకోవాలి.

బెండు కదలికను బట్టి ఏ చేపో ఊహించవచ్చు. శీలావతి బెండును మెల్లగా పక్కకు తీసుకుపోతుంది. మోసు చిన్నచిన్నగా తాకుతూ చాలాసేపు పరీక్షిస్తుంది. జిలేబి అని పిలిచే తిలాపియా చకచకా పొడుస్తుంది. బొచ్చె ఎరను నోటితో పీల్చి పైకి లేచినప్పుడు బెండు నీటి మీద పడుకుంటుంది. జెల్ల ఒక్కసారిగా కిందికి లాగుతుంది. చలికాలంలో తాకిడి అన్నిటికీ బలహీనంగానే ఉంటుంది. బెండు వేరుశనగ కాయంత చిన్నదిగా ఉండి, సీసం దానిని అంచుల దాకా ముంచినప్పుడే ఆ తాకిడి కనబడుతుంది. మొదటి కదలికకే లాగకుండా, బెండు ఒకే దిశగా సాగిపోయినప్పుడు మణికట్టుతో కొద్దిగా ఎగలాగాలి. చేప తగిలిన వెంటనే దానిని అంచు నుంచి లోతు వైపుకు, అంటే పుట్టి వైపుకు, తీసుకురావాలి. రాతి సందులోకి పోనిస్తే దారం రాతికి ఒరుసుకుని తెగుతుంది. మూడు కిలోల శీలావతిని చేతి బలంతో తీయలేము, అది పరుగెత్తినప్పుడు దారం వదిలి, ఆగినప్పుడు చుట్టుకుని, అలసిన తరువాత చేతివల సాయంతో ఎత్తాలి.

పుట్టిలోకి వచ్చిన చేప

చేపను పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేయి చేప ఒంటి మీది జిగురును తుడిచివేస్తుంది, ఆ జిగురు పోయిన చేప, వదిలినా, పుండ్లు పడి చనిపోవచ్చు. అరకిలోకు లోపు ఉన్న బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను వెంటనే నీటిలో వదలండి. అవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సాధారణంగా రెండేళ్ళు పడుతుంది, వచ్చే వానాకాలపు సంతానం వాటి నుంచే రావాలి. తిలాపియా విషయం వేరు. అది మన నీళ్ళ చేప కాదు, 1952లో మన దేశానికి తెచ్చినది, విపరీతంగా పెరిగి మిగిలిన చేపల మేతను తింటుంది. దాని చిన్నదీ పెద్దదీ ఇంటికి తెచ్చుకోవచ్చు.

జెల్ల పడినప్పుడు తొందరపడవద్దు. దాని వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర ఒక్కొక్కటి గట్టి ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే పోటు మోచేతి దాకా పాకుతుంది. మందపాటి తడిగుడ్డతో పట్టుకుని పటకారుతో గాలం తీయాలి. గుచ్చుకుంటే ముల్లు ముక్క లోపల మిగలకుండా తీసి, శుభ్రమైన నీటితో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంట పాటు ఆ చోటును ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఇందుకోసమే ఫ్లాస్కులో వేడినీళ్ళు వెంట ఉండాలి. ఆ తరువాత ధనుర్వాతం సూది కోసం ఆసుపత్రికి వెళ్ళాలి, వాపు పెరిగితే ఆలస్యం చేయకూడదు.

ఉంచుకునే చేపను అప్పటికప్పుడే చంపి, మొప్పలూ పేగులూ తీసి, ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో పెట్టాలి. చలికాలమే కదా అని ఎండలో వదిలేస్తే జనవరి మధ్యాహ్నం కూడా రెండు గంటల్లో చేపను పాడుచేస్తుంది. ఐసు లేకపోతే తడి గోనెసంచిలో చుట్టి, పుట్టి నీడ పడే వైపున ఉంచి, సంచి మీద నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఇంటికి ఎన్ని కావాలో అన్ని పడిన తరువాత గాలం చుట్టేయడమే పద్ధతి. ఆ నీటి మీద రోజూ ఆధారపడే కుటుంబాలు ఒడ్డునే ఉన్నాయి.

తిరుగు ప్రయాణం

మూడున్నరకు రాళ్ళు ఎత్తి, నాలుగున్నరకల్లా ఒడ్డున ఉండాలి. చలికాలంలో ఎండ దిగగానే ఒళ్ళు చల్లబడుతుంది, తడిబట్టలతో ఉన్నవారికి వణుకు పుడుతుంది, చీకటిలో ముంపు రాళ్ళూ వలల బెండ్లూ కనబడవు. తెగిన నైలాన్ ముక్కలన్నిటినీ ఒక డబ్బాలో వేసి ఇంటికి తేవాలి, ఎందుకంటే కొంగల కాళ్ళకూ తాబేళ్ళ మెడలకూ చుట్టుకునేవి అవే.

ఇంటికి చేరాక స్నానానికి ముందే ఒక నోటుపుస్తకంలో ఆ బండ సంగతి రాసుకోండి. ఒడ్డున ఏ చెట్టుకూ ఏ గుట్టకూ సూటిగా అది ఉందో, అంచు మీద ఎన్ని బారల లోతు వచ్చిందో, ఆ రోజు జలాశయపు నీటిమట్టం ఎంతో, చేప ఏ వేళకు ఏ లోతున పడిందో నమోదు చేయండి. జనవరిలో రెండు బారల లోతున ఉన్న బండ మీద మార్చి నాటికి నీరు సగమే మిగలవచ్చు. నీటిమట్టం రాసి ఉంటే, మళ్ళీ వెళ్ళేటప్పుడు అంచు ఎంత లోతున దొరుకుతుందో ఇంటి దగ్గరే లెక్క కట్టుకుని, బెండును అందుకు సరిపడా కట్టుకుని బయలుదేరవచ్చు.